మూడుసార్లు ఏరిన బియ్యం

యాంగోన్, ఇరవై ఎనిమిదో వీధి
3 ఏప్రిల్ 2025, గురువారం

దుర్గకి,

ఉత్తరమేమిటి, వదినకి ఫోను లేదా అనుకుంటావు. ఉంది. కరెంటే నాలుగు గంటలుండి పోతోంది. అదీకాక ఫోన్లో నీకూ నాకూ మూడో మాటకే గొంతు లేస్తుంది, నాలుగో మాటకి నువ్వు పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా వినాల్సిందే. తులసమ్మ రోజూ పూలబుట్టతో దలా నుంచి పడవలో నది దాటి ఈ వీధికే వస్తోంది, సాయంత్రం తిరిగి వెళ్తోంది. ఆవిడకి చదువు రాదు, అది మరీ మంచిది.

అసలు సంగతికి వస్తాను. నేను వంట చేసే ఇంటి మోజెలమ్మ గారి పస్కా పండగ ఈ నెల పన్నెండు సాయంత్రం మొదలు, ఎనిమిది రోజులు. అమ్మ పోయాక ఇదే మొదటి పస్కా. ఏటా పండగ బియ్యం మన పొలంలోవి అమ్మే పంపేది. ఈ ఏడు నువ్వు పంపాలి. ఇంటికొచ్చి రెండేళ్ళే అయింది, నీకీ సంగతి ఎవరూ చెప్పి ఉండరు గనక చెబుతున్నాను, విను.

మోజెలమ్మ వాళ్ళు యూదులు. ముత్తాతలు బాగ్దాదు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఒకప్పుడు ఈ వీధుల నిండా వాళ్ళే, ఇప్పుడు పదిమందిని పోగెయ్యడం గగనం. ఎప్పుడో వాళ్ళ పెద్దలు బానిసలుగా పడి ఉన్న దేశం నుంచి ఉన్నపళంగా బయటపడ్డారట. పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక పొంగని రొట్టెలే కాల్చుకుని పోయారట. అందుకని ఈ ఎనిమిది రోజులూ ఇంట్లో గోధుమతో, బార్లీతో చేసిన వస్తువు ఉండకూడదు. రొట్టె, బిస్కట్టు, నూడుల్సు, ఏదీ. తినకూడదని కాదు, ఉండనే కూడదు. ఆ పొంగని రొట్టె ఒక్కటే మినహాయింపు. వాళ్ళ మడి మన మడి కంటే గట్టిది దుర్గా. మనది నాలుగు చెంబుల నీళ్ళు పోసుకుంటే వస్తుంది, వాళ్ళది నెల రోజులు ఇల్లు కడిగితే గాని రాదు.

అన్నం మాత్రం తింటారు. బాగ్దాదు వాళ్ళ ఆచారం అది. కాని బియ్యంలో ఒక్క గోధుమ గింజ కలిసినా పండగ పాడు, అందుకని తెల్లగుడ్డ మీద పోసి మూడుసార్లు ఏరాలి. ఆ ఏరడం ఇక్కడ నేను చేసుకుంటాను. బజారు బియ్యం పనికిరాదు, ఆ కొట్లోనే పక్కన పిండి బస్తాలుంటాయి. మన బియ్యం ఆరు కిలోలకి తగ్గకుండా మూడు ప్యీలు కొలిచి శుభ్రంగా పంపు. శుభ్రంగా అన్నాను.

ఈసారి లండన్ నుంచి మోజెలమ్మ అన్నగారి మనవడు ఎజ్రా వస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఆవిడ వాణ్ణి ఎప్పుడూ చూడలేదు. సొంతవాళ్ళతో పస్కా చేసుకుని పాతికేళ్ళు దాటింది. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి, పొద్దుటినుంచీ నాలుగు జాకెట్లు మార్చింది, వాడు వచ్చేది ఎనిమిదిన అయితే. మొన్నటి భూకంపానికి వంటింటి గోడ బీటవారింది, దానికి సున్నం కూడా నేనే పూశాను.

తమ్ముడు అప్పయ్యని సేక్కాన్ రేవులో బస్తాలు మొయ్యడం తగ్గించమను. వాడి నడుం సంగతి నాకు తెలుసు.

వదిన,
తాయారు

*

దలా
7 ఏప్రిల్, సోమవారం

వదినా,

దణ్ణం. అంత పొడుగు ఉత్తరం రాశావు, అందులో "ఎలా ఉన్నావే" అన్న ముక్క ఎక్కడుందా అని రెండుసార్లు వెతికాను. లేదు. పోనీలే, నేను బాగానే ఉన్నాను, నువ్వూ బాగానే ఉన్నట్టు నీ శుభ్రాలు చూస్తేనే తెలుస్తోంది.

నిన్న శ్రీరామనవమి. గుళ్ళో పానకం పంచారు. మీ తమ్ముడు నాలుగు గ్లాసులు తాగి, సుగరున్న మనిషివి కదా అంటే దేవుడి ప్రసాదానికి సుగరు అంటదన్నాడు. నేను ఖాజాలు చేశాను. మా గంజాం వాళ్ళ ఖాజా తినకుండానే మీరంతా ఇన్నేళ్ళు ఎలా బతికారో నాకు తెలీదు. మోజెలమ్మ గారికని ఒక డబ్బా పంపుతున్నాను. పాకం బాగా పీల్చాయి, పళ్ళు లేకపోయినా నోట్లో కరిగిపోతాయి. పిండివంట అని కంగారుపడకు, పండగ పన్నెండునని నువ్వే రాశావు, ఇంకా అయిదు రోజులుంది. ఈలోపు అవగొట్టెయ్యండి.

బియ్యం కూడా తులసమ్మకే ఇచ్చాను. నువ్వు శుభ్రం శుభ్రం అన్నావని గోనె సంచి వద్దనుకున్నాను. మైదా వచ్చిన తెల్లసంచి ఒకటి ఉంటే సబ్బుతో రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరబెట్టి, అందులో పోశాను. తెల్లగా మెరిసిపోతోంది, చూసి మెచ్చుకో.

మూడుసార్లు ఏరడం చదివి నవ్వొచ్చింది వదినా. పెళ్ళికి ముందు లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలో ఆరేళ్ళు అదే కదా నా పని. ఫస్ట్ చెకింగు, సెకండ్ చెకింగు, ఫైనలు. ఒక్క దారప్పోగు వేలాడినా చొక్కా వెనక్కి. మీ మోజెలమ్మ గారు మా సూపర్‌వైజరై ఉండాల్సింది.

ఖాజాలు ఎలా ఉన్నాయని ఆవిడ అన్నదో రాయి. నీ మాట వద్దు, నువ్వు మెచ్చుకోవని తెలుసు.

దుర్గ

*

యాంగోన్
8 ఏప్రిల్

దుర్గా,

తులసమ్మని మెట్ల మీదే ఆపేశాను. వంటిల్లు కడగడం ఆదివారంతో అయిపోయింది. కడిగిన వంటింట్లోకి పిండి వస్తువు రాదు, పండగ అయిదు రోజులున్నా అయిదు నిమిషాలున్నా. ఖాజాల డబ్బా తిరిగి పంపుతున్నాను.

బియ్యం కూడా. మైదా సంచిలో పస్కా బియ్యం పోసినదాన్ని ఈ జన్మలో నిన్నే చూశాను. కుట్లలో ఇరుక్కున్న పిండి నీ సబ్బుకి పోతుందా? అంత వివరంగా రాస్తే నీ తలకి ఎక్కింది ఇదీ! వేరే బియ్యం, కొత్త గుడ్డలో, గురువారం లోపు పంపు.

ఎజ్రా దిగాడు. పొడుగు మనిషి. రెండు పెట్టెల్లో ఒకటి నిండా లండన్ నుంచి తెచ్చిన పొంగని రొట్టెల అట్టపెట్టెలే. బాగ్దాదు పద్ధతిలో పస్కా సంగతులు నేను మాట్లాడబోతే వాడు వింతగా చూస్తున్నాడు. పని ఉంది, తర్వాత రాస్తాను.

తాయారు

*

దలా
9 ఏప్రిల్, బుధవారం

ఆడపడుచు తాయారు గారికి,

డబ్బా అందింది, ఖాళీగా. తులసమ్మ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తాను. "మీ వొదిన మెట్ల కాడే ఆపేసినాదమ్మా. ఖాజాలన్నీ కుంపట్లో ఏసి తగలెట్టేసినాది. ఆల పండగకి అంతేనంట, పిండి ఒస్తువులు కనపడితే కాల్చీడమేనంట. నా కళ్ళతో సూసినాను." పైగా తిరిగి పంపుతున్నానని ఉత్తరంలో రాయడమొకటి! కాల్చినదానివి కాల్చానని రాయడానికేం?

నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ ఒక పెద్దింట్లో అంట్లు తోమేది. మనవాళ్ళే, తెలుగువాళ్ళే. ఒకరోజు దాహమేసి వాళ్ళ మంచినీళ్ళ కుండలో గ్లాసు ముంచాను. ఆ ఇంటావిడ కుండ ఎత్తి, నా ముందే పెరట్లో వేసి పగలగొట్టింది.  మా అమ్మ ఆ పెంకులు ఏరి పారబోసి, మళ్ళీ అంట్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇది మీ తమ్ముడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నోరు లేదు. ఇప్పుడుంది. నా చేత్తో వండినది కాల్చావు, నా చేత్తో కొలిచింది వెనక్కి కొట్టావు, నేను పంపిన మనిషిని మెట్ల మీద నిలబెట్టావు. మడి అంటే అదే కదా, ఎవరి పేరు మీద చేసినా? నువ్వు వాళ్ళలో ఎప్పుడో కలిసిపోయావు, మాకే చెప్పలేదు. రామనవమికి ఇంటికి రమ్మంటే పని ఉందన్నావు. ఇదీ ఆ పని!

బియ్యం లేదు. ఒక్క గింజ లేదు. మీ శుభ్రమైన చేతులతో ఎక్కడైనా వెతుక్కోండి.

దుర్గ

*

యాంగోన్
11 ఏప్రిల్, శుక్రవారం మధ్యాహ్నం

దుర్గా,

చించెయ్యకుండా చదువు. డబ్బా నిండుగా పంపాను. ఖాళీగా వచ్చిందంటే మధ్యలో ఎవరి కడుపు నిండిందో వాళ్ళనే అడుగు.

కుండ సంగతి నాకు తెలీదు. తెలిసుంటే ఆ ఉత్తరం అలా రాసేదాన్ని కాను. ఆ ఇంటావిడ చేతులు పడిపోను! నీ మనసు అంత కష్టపెట్టినందుకు తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కాని బియ్యం వెనక్కి పంపింది మాత్రం తప్పు కాదు, చచ్చినా ఒప్పుకోను. ఈ ఇంట్లో అమ్మ నలభై ఏళ్ళు వండింది, నేను ముప్పై ఒక్కేళ్ళుగా వండుతున్నాను. మన చెయ్యి ఈ ఇంటికి ఎప్పుడూ మైల కాలేదు. వీళ్ళ నియమం గింజకి, చేతికి కాదు. మహారాజు మోసుకొచ్చినా మైదా సంచి ఈ గుమ్మం దాటదు. వీళ్ళ చెయ్యి కావాల్సింది ఒక్కచోటే, పొయ్యి అంటించడానికి. రోజూ పొద్దున్న మోజెలమ్మ కుంపటి అంటిస్తుంది, ఆ తర్వాత వంటంతా నాదే. నేను ఎవరిలోనూ కలవలేదు. నా నుదుటి మీద బొట్టు నీ బొట్టు కంటే పెద్దది.

ఇప్పుడు ఇక్కడ జరుగుతున్నది విను. నిన్న పొద్దున్న ఎజ్రా వంటింట్లోకి వచ్చి తెల్లగుడ్డ చూసి ఇదెందుకన్నాడు. బియ్యం ఏరడానికన్నాను. వాడు తెల్లబోయాడు. పస్కాకి అన్నమా, అది నిషిద్ధం, మా ఇంట్లో ఎన్నడూ తినలేదు అన్నాడు. వాడి తల్లి వైపు వాళ్ళు పోలండు యూదులట. వాళ్ళు ఈ ఎనిమిది రోజులూ బియ్యం, పప్పులు ముట్టరట. వాళ్ళకది సరే, నేను కాదనను. కాని ఈ ఇంటిపేరు వాడి తాతది, ఈ పొయ్యి వాడి తాతది. ఇంటి ఆచారం తండ్రి వైపు నుంచి వస్తుందని వాళ్ళ శాస్త్రమే చెబుతుందని మోజెలమ్మ అంటుంది. వాడు వినడు. పుస్తకం తీసి చూపిస్తాడు. పుస్తకం ఎవరిల్లు చూసి రాశారురా నాయనా?

మోజెలమ్మకి అమ్మ దగ్గర నేర్చిన తెలుగుంది కదా, వాడికి అర్థం కాకూడదనుకున్నప్పుడు అదే మాట్లాడుతుంది. "పస్కాకి కూడు నేదంతాడేటే ఈడు? అయితే ఇప్పుట్నుంచే నాకొద్దు. సెప్పు ఆడికి" అంది. చెప్పాను. పండగ ఎల్లుండి కదా, ఇవాళ తినమన్నాడు వాడు. "ఎల్లుండి నేని కూడు ఇయ్యాల ఎందుకు?" అని మంచమెక్కింది. నిన్న పొద్దుట్నుంచీ ఇప్పటిదాకా పంచదార కూడా లేని టీ నీళ్ళు, అంతే. లండన్ రొట్టె వాడు టీలో నానబెట్టి నోటికందిస్తే నాలుకతో తోసేసింది.

నన్ను బయటికి పిలిచి, "ఆంటీ, మీరు ఓ వారం సెలవు తీసుకోండి, ఆవిణ్ణి నేను చూసుకుంటాను" అన్నాడు. చెడ్డవాడు కాదు, మెత్తగానే అన్నాడు. నేను అడగందే సెలవివ్వడానికి నువ్వెవరన్నాను. ఈ ఇంట్లో ఇన్ని పండగలు చేసినదాన్ని, పండగనాడు బజార్న పడతానా? ఈడ్చుకెళ్తే తప్ప ఈ వంటింట్లోంచి కదలను.

రేపు సాయంత్రం చుక్క పొడిచేసరికి ఆవిడ ముందు అన్నం లేకపోతే ఆవిడ తినదు. మొండిఘటం. మూడో రోజు కూడా టీ నీళ్ళతో ఆ ప్రాణం నిలుస్తుందని నేను చెప్పలేను. బియ్యం చేతిలో ఉంటే లండన్‌తోనైనా పోట్లాడతాను, ఉత్త చేతులతో ఏం పోట్లాడను?

ఇది బతిమాలడం కాదు అని రాయబోయాను. బతిమాలడమే. పంపు.

తాయారు

*

దలా
12 ఏప్రిల్, శనివారం

వదినా,

ఈ కాగితం బియ్యం మూట మీద పెట్టి నా చేత్తోనే ఇస్తాను. ఎదురుగా నోరు తెరిస్తే ఏమంటానో నాకే తెలీదు, అందుకని రాసి తెచ్చాను.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం మొదటి ముక్క చదవగానే తులసమ్మని నిలదీశాను. "ఒక్కటే తిన్నానమ్మా" అంది. ఇరవై రెండు ఖాజాలే అన్నాను. "పడవలో మరి పదిమంది ఉండీరు కదేటి. మూత తియ్యగానే వాసన తగిలీసినాది. నానేటి సేత్తును? నీ సేతి ఖాజా అని అందరికీ సెప్పినాను" అంది. తిట్టాలో సంతోషించాలో తెలియలేదు. తిట్టాను.

తర్వాత నీ ఉత్తరం మిగతాది చదివాను. ఆవిడ టీ నీళ్ళ మీద ఉందన్న చోట ఆగిపోయాను. తెల్లవారగానే బియ్యం తీశాను. నీకోసం కాదు, ముందే చెబుతున్నాను. ఇంకోటి కూడా చెబుతున్నాను, కోపంతోనే తీశాను. మన పొలం బియ్యంలో గోధుమలెక్కణ్ణుంచి వస్తాయి, మూడుసార్లు ఏరి, ఏమీ లేదు చూడు, మీదంతా చాదస్తం అని నీ ముఖాన కొడదామనుకున్నాను.

మొదటిసారి చేటలో చెరిగి ఏరాను. రాళ్ళు, వడ్లు. రెండోసారి తెల్లచీర మీద పోసి ఏరుతుంటే గోధుమ గింజ దొరికింది వదినా. కాసేపటికి ఇంకోటి. చేట తిరగేసి చూశాను. తర్వాత గుర్తొచ్చింది, మీ తమ్ముడికి సుగరని గోధుమలు కొని, అదే చేటలో చెరుగుతున్నాను. వెదురు అల్లికలో ఇరుక్కున్నవి రాలాయి. ఫ్యాక్టరీలో ఇలాంటిది నా కళ్ళు దాటిపోతే రోజు కూలి కోసేవారు. ఆ చేట అవతల పడేసి, చేతులు తోముకుని, కొత్త గుడ్డ మీద మళ్ళీ మొదటినుంచీ మూడుసార్లు ఏరాను. పొద్దు నడినెత్తికొచ్చింది, మెడ పట్టేసింది. ఒక్క గింజ లేదు. దీనికి పూచీ నాది.

రేపటి నుంచి తింజాన్ నీళ్ళ పండగ. వీధిలో పిల్లలు బకెట్లు పట్టుకుని నిలబడతారు, మూట తడిసిపోతుంది, అందుకని ఇవాళే బయల్దేరాను.

కుండ పగలగొట్టినావిణ్ణి క్షమించలేదు. నిన్ను సగం క్షమించాను. మిగతా సగం చూస్తాను.

దుర్గ

*

యాంగోన్
13 ఏప్రిల్, ఆదివారం పొద్దున్న

అమ్మా దుర్గా,

నిన్న తలుపు తీసింది ఎజ్రా. నువ్వు వాడి చేతుల్లో మూట పడేసి, వేలు చూపిస్తూ "త్రీ టైమ్ చెక్, పాస్!" అన్నావు. వాడు బిత్తరపోయి మూట పట్టుకునే నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను, నవ్వాపుకోలేకపోయాను.

నేను దగ్గరికొచ్చాక నువ్వు కాగితం ఇచ్చావు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, ఇప్పుడే జెట్టీ దగ్గర మైదా పలాటా రొట్టె తిన్నానన్నావు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నువ్వు చూశావు. చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికి రావే అంటే సరిపోయేది. నా నోటికి రాలేదు. పడవ వేళైందని నువ్వు మెట్లు దిగిపోయావు. నీ కుండ సంగతి చదివి కూడా అలా చేశాను చూడు. ఆ మాట తర్వాత రాస్తాను, ముందు జరిగింది రాయనీ.

నీ బియ్యం నేను మళ్ళీ మూడుసార్లు ఏరాను. ఒక్క గోధుమ గింజ దొరికితే నీ మీద గెలుద్దామని దొంగబుద్ధి కూడా పుట్టింది. దొరకలేదు.

చుక్క పొడిచింది. నిన్న వాళ్ళకి శనివారపు నియమం, అప్పటిదాకా పొయ్యి అంటించకూడదు. అగ్గిపుల్ల గియ్యడం ఆ తర్వాత కూడా కుదరదు, శుక్రవారం నుంచి ఆరకుండా ఉంచిన దీపం నుంచే తియ్యాలి. మోజెలమ్మ లేవబోయి లేవలేకపోయింది. రెండున్నర రోజులు టీ నీళ్ళు మరి. ఇంక మిగిలింది ఎజ్రా. కుంపటి మీద గిన్నె పెట్టాను, నీళ్ళు పోశాను, నిప్పు పెట్టమన్నాను. వాడు చేతులు కట్టుకున్నాడు.

నేనే అంటించెయ్యచ్చు కదా అంటావు. మోజెలమ్మ ముందు గదిలో ఉంది, చూపు ఆనదు, ఎవరికీ తెలిసేది కాదు. నాకు తెలుస్తుంది. గోధుమ గింజ మీద నిన్ను అంత ఏడిపించి, నిప్పు దగ్గర నేను దొంగతనం చేస్తానా?

వాడికి వాళ్ళ నాన్నని అడగాలనుంది. పండగ మొదటి రెండు రోజులూ ఫోను ముట్టకూడదు. అడగడానికి వాడికి నేను తప్ప మనిషి లేదు.

"మీ తాత ఈ వంటింట్లో పీట మీద కూర్చుని ఈ అన్నమే తిన్నాడు. మా అమ్మ వండింది. ఆయన ముందు వాళ్ళ నాన్న తిన్నాడు. వాళ్ళు పాపం చేశారంటే ఇక్కడే నిలబడి గట్టిగా చెప్పు. చెప్పి, ఆ మాటే ముందు గదిలోకి వెళ్ళి మీ అవ్వకి కూడా చెప్పు. చెప్పలేకపోతే నిప్పు పెట్టు" అన్నాను. కొంత బర్మా భాషలో, కొంత నాకొచ్చిన ఇంగ్లీషులో అరిచాను. గిన్నె మూత కూడా కొట్టినట్టున్నాను.

వాడు గిన్నె పక్కనున్న బియ్యం వైపు చూశాడు. "నిజంగా మూడుసార్లు ఏరేవాళ్ళా?" అన్నాడు.

"నీ చేతుల్లో మూట పెట్టిందే, ఆవిణ్ణి అడుగు" అన్నాను.

దీపం దగ్గరికెళ్ళి పుల్ల అంటించుకొచ్చి కుంపట్లో పెట్టాడు. "నేను తినను" అన్నాడు. నిన్నెవరు తినమన్నారు, నీ రొట్టె నువ్వు తిను అన్నాను. దానికి నవ్వుతాడనుకోలేదు, నవ్వాడు.

అన్నం ఉడుకుతుండగా బల్ల దగ్గర వాళ్ళు పుస్తకం చదవడం మొదలెట్టారు. మొదట్లో మోజెలమ్మ పొంగని రొట్టె ఎత్తి పట్టుకుని అరబ్బీలో నాలుగు మాటలు అంటుంది. ఏటా వింటాను, వంటింట్లోకి ఆ గొంతు వస్తుంది. మంత్రం కదా అని ఎప్పుడూ అడగలేదు. నిన్న ఆవిడకి ఓపిక చాలక ఎజ్రా అందుకుని ఇంగ్లీషులో చదివాడు. ఆకలిగా ఉన్నవాళ్ళందరూ వచ్చి తినండి. లేనివాళ్ళందరూ వచ్చి మాతో పండగ చేసుకోండి. అది దుర్గా, ఆవిడ ఏటా చెప్పే మంత్రం.

నా ఒళ్ళు మండిపోయింది. గరిటె పట్టుకునే బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ముప్పై ఒక్కేళ్ళుగా ఇదేనా అంటున్నావు? నేను వంటింట్లో కింద కూర్చుని తింటుంటే, ఇక్కడ బల్ల మీద ఇదా చదువుతున్నావు? మా అమ్మ నలభై ఏళ్ళు ఏ గదిలో తిన్నదమ్మా?" అన్నాను. ఆవిడ నీరసంగా ఉందని కూడా చూడలేదు. ఎప్పుడూ ఆవిణ్ణి "నువ్వు" అని పిలవలేదు, నిన్న పిలిచాను.

మోజెలమ్మ నన్నే చూసింది. "ఏటేటా పిలుత్తునే ఉన్నాను కదే. నువ్వు రానేదు" అంది.

"అరబ్బీలో పిలిస్తే ఎలా వస్తాను?"

 బుకాయిస్తుందనుకున్నాను. "నిజివే. మీ అమ్మ అప్పలమ్మని కూడా పిలవనేదు. తప్పే సేసినాను" అంది. ఎజ్రా వైపు తిరిగి కుర్చీ వెయ్యమంది.

కూర్చున్నాను. ఏడుపొచ్చింది, కోపం కూడా పోలేదు, రెండింటితోనే కూర్చున్నాను. అన్నం పెట్టాను. ఖర్జూరం పాకం పక్కన పోశాను. మోజెలమ్మ మొదటి ముద్ద మింగడానికి ఎంతసేపు పట్టిందో, ఎజ్రా కూడా రొట్టె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గిన్నెడు తిన్నది. తిని, "బియ్యం ఎవులు తెచ్చినారు? బాగున్నాయి" అంది.

మా మరదలు, ఒక్క పూటలో అయిదుసార్లు ఏరిందన్నాను.

"ఏదీ మనిషి?"

గుమ్మంలోంచే పంపేశానని చెప్పాను. ఆవిడ తలుపు వైపు చూసింది. నన్ను ఎలా తప్పు పడుతుంది, ఆవిడా నేనూ ఒకటే పని చేశాం కదా. నియమం గింజకే అని నీకు పెద్దగా రాశాను. గింజని ఆపే గుమ్మంలో మనిషి కూడా ఆగిపోతుందని నాకు ముప్పై ఏళ్ళ ముందు తెలియాల్సింది, నిన్న తెలిసింది. నియమం నేను మానను. వచ్చే ఏడు కూడా మైదా సంచి వెనక్కే వస్తుంది. కాని నిన్ను నిలబెట్టింది పండగ కాదు, నేను. తప్పు చేశాను, క్షమించు. సగం కాదు, మొత్తం అడుగుతున్నాను.

ఇవాళ రెండో రాత్రి. నిన్నటిలాగే అంతా మళ్ళీ చదువుతారు, మళ్ళీ అన్నం. ఇవాళ పిలవాల్సిన మాట తెలుగులో నేనే అంటానని మోజెలమ్మకి చెప్పేశాను, సరేనంది. బల్ల దగ్గర నాలుగో కుర్చీ వేయించాను. తులసమ్మ పూలబుట్ట ఇక్కడే దింపించి, ఈ ఉత్తరంతో పొద్దున్న పడవకే తిప్పి పంపుతున్నాను. వీధి పొడుగునా నీళ్ళు పోస్తారు, తడిసి వచ్చినా ఫరవాలేదు, నా చీర కట్టుకుందువుగాని. తిరుగు పడవ సంగతి మర్చిపో, ఇక్కడే పడుకో, అప్పయ్యకి గంజి కాచుకోవడం వచ్చు.

ఆకలితో రా. మూడో అంతస్తు. తలుపు తీసే ఉంటుంది, కింద ఆగి పిలవకు, నేరుగా లోపలికి వచ్చెయ్యి.

నీ వదిన
తాయారు